జపాన్ బడిలో ఇంగ్లిష్ టీచరుగా చేరుతున్నారా? పాఠం సంగతి తర్వాత, ముందు ఇవి చూసుకోండి

జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం వచ్చిందనగానే అందరికీ పాఠం గురించే బెంగ. నిజానికి ఈ ఉద్యోగంలో అన్నిటికంటే సులువైనది పాఠమే. ప్రాథమిక బడిలో పీరియడు 45 నిమిషాలు, మాధ్యమిక బడిలో 50 నిమిషాలు. పక్కన జపాన్ టీచరు ఉంటారు, చేతిలో పుస్తకం ఉంటుంది. చిక్కంతా మిగిలిన రోజుతోనే. స్టాఫ్ రూమ్‌లోకి ఎలా అడుగుపెట్టారు, గుడ్డ పట్టుకుని నేల తుడిచారా, మధ్యాహ్నం ఏం తిన్నారు, చెత్త ఏ రోజు బయట పెట్టారు అన్నవాటిని బట్టే మీ మీద ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. పాఠం బాగా చెప్పినా ఆ అభిప్రాయం అంత తేలిగ్గా మారదు.

ప్రభుత్వ ప్రాథమిక, మాధ్యమిక బడుల్లో ఏఎల్‌టీగా, అంటే సహాయ భాషా ఉపాధ్యాయులుగా వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను. సాయంత్రాలు, శనివారాలు నడిచే ప్రైవేటు సంభాషణ శిక్షణ కేంద్రాల పద్ధతి వేరు. అక్కడికి వెళ్లేవారికి ఇల్లు, డబ్బు గురించిన భాగాలు మాత్రం పనికొస్తాయి.

మొదటి అడుగు: ఒప్పందాన్ని అనుమానంతో చదవండి

ఏఎల్‌టీలు మూడు దారుల్లో వస్తారు. ఒకటి, 1987లో జపాన్ ప్రభుత్వం మొదలుపెట్టిన జెట్ కార్యక్రమం. దీనిలో గరిష్ఠంగా 5 ఏళ్లు ఉండవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి మొదటి ఏడాది జీతం 40 లక్షల 20 వేల యెన్లు. రెండోది, ఊరి విద్యా మండలి నేరుగా పెట్టుకునే ఉద్యోగం. మూడోది, ఏజెన్సీ ద్వారా వచ్చే ఉద్యోగం. జీతం, భద్రత సాధారణంగా ఇదే వరుసలో తగ్గుతాయి.

ఏజెన్సీ ఉద్యోగమైతే సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఆగస్టు, డిసెంబరు, మార్చి నెలల్లో సెలవుల పేరుతో జీతం తగ్గిస్తారా? ఉద్యోగుల ఆరోగ్య బీమాలో, పింఛనులో చేరుస్తారా? బడికి కారు తప్పనిసరా, అయితే ఖర్చు ఎవరిది? నన్ను పంపేది ‘హాకెన్’ పద్ధతిలోనా, ‘గ్యోము ఇతాకు’ పద్ధతిలోనా? నాలుగో ప్రశ్నను చాలామంది అడగరు, కానీ రోజువారీ పనిని మార్చేసేది అదే. గ్యోము ఇతాకు అంటే పనిని మొత్తంగా కంపెనీకి గుత్తకు ఇవ్వడం. ఆ పద్ధతిలో తరగతిలోని జపాన్ టీచరు మీకు నేరుగా పని పురమాయించకూడదు. ప్రతి మార్పూ కంపెనీ ద్వారా రావాలి. ఇద్దరు కలిసి చెప్పాల్సిన పాఠం ఇలా నడవడం ఎంత ఇబ్బందో ఊహించుకోండి. హాకెన్‌లో, అంటే కంపెనీ మనిషిని పంపితే పని బడివాళ్లే చెప్పే పద్ధతిలో, ఈ అడ్డంకి ఉండదు.

మన పిల్లలకు మరో మెలిక ఉంది. ప్రభుత్వ బడిలో భాష చెప్పడానికి ఇచ్చే ‘క్యోఇకు’ వీసాకు, ఆ భాషలో కనీసం 12 ఏళ్లు చదువుకుని ఉండాలన్నది నియమం. అంటే మీరు ఏ తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం అన్నది లెక్కకు వస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో డిగ్రీ చేసినవారికి ఇక్కడ చిక్కు వస్తుంది. చదివిన ప్రతి బడి నుంచి, కాలేజీ నుంచి బోధనా మాధ్యమం ఇంగ్లిష్ అని ధ్రువపత్రం తీసుకోండి. చిన్నప్పటి బడి మూతపడి ఉంటే ఆ కాగితానికి నెలలు పట్టవచ్చు. అందుకే దరఖాస్తు చేసే ముందే ఈ పని మొదలుపెట్టాలి.

రెండో అడుగు: పెట్టె సర్దేటప్పుడు మిక్సీని పక్కన పెట్టండి

జపాన్‌లో కరెంటు 100 వోల్టులు. మన 230 వోల్టుల మిక్సీ, గ్రైండరు అక్కడ తిరగవు. అమెరికా వెళ్లేవారి కోసం 110 వోల్టులతో చేసిన మిక్సీలు దొరుకుతాయి, కావాలంటే అవి చూసుకోండి. లేదంటే అక్కడే చిన్న బ్లెండరు కొని, దోసెల మీద మమకారాన్ని కొన్నాళ్లు వాయిదా వేసుకోండి. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్లు రెండు వోల్టేజీలకూ పనిచేస్తాయి, వాటికి రెండు చదును పిన్నుల అడాప్టరు చాలు. కుక్కరు తీసుకెళ్తే ఇండక్షన్ పొయ్యి మీద పనిచేసే చదును అడుగుది తీసుకెళ్లండి.

మందుల విషయంలో మాత్రం సాహసాలు వద్దు. డాక్టరు రాసిన మందులు ఒక నెలకు సరిపడా, మామూలు మందులు రెండు నెలలకు సరిపడా తీసుకెళ్లవచ్చు. అంతకు మించితే ముందుగా దిగుమతి అనుమతి పత్రం కావాలి. మన దగ్గర జలుబు మాత్రల్లో, దగ్గు మందుల్లో మామూలుగా కనిపించే సూడోఎఫెడ్రిన్, కొడీన్ మీద అక్కడ కఠినమైన ఆంక్షలున్నాయి. అట్ట వెనక ఏముందో చదివి పెట్టెలో పెట్టండి. మాంసం పచ్చళ్లు విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు వద్దు, విత్తనాలకు వృక్ష ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, ఇంగువ సరే. లీకైతే బట్టల గతి ఏమిటో మీకు తెలిసిందే, రెండు సంచుల్లో పెట్టండి.

బడి కోసం మూడు వస్తువులు. ఒకటి, లోపల మాత్రమే వేసుకునే కొత్త బూట్లు. బడి గుమ్మంలో బయటి చెప్పులు విప్పి వీటిలోకి మారాలి. పాదం పెద్దదైతే అక్కడ సైజు దొరకడం కష్టం. తాళ్లు లేనివైతే మేలు, రోజుకు ఎన్నిసార్లు విప్పి తొడుక్కోవాలో ఇక్కడి నుంచి అంచనా వేయలేరు. రెండు, ఒక నల్ల సూటు. ప్రవేశోత్సవానికి, వీడ్కోలు సభకు అది లేకపోతే గదిలో మీరొక్కరే వేరుగా కనిపిస్తారు. మూడు, స్టాఫ్ రూమ్‌లో అందరికీ పంచడానికి విడివిడిగా కాగితం చుట్టిన తీపి వస్తువు. లడ్డూ, జాంగ్రీ వాళ్లకు మరీ తీపి, పైగా చేతికి అంటుతాయి. కాగితంలో చుట్టిన ఆత్రేయపురం పూతరేకు ఈ పనికోసమే పుట్టినట్టుంటుంది. కాకపోతే నలగకుండా గట్టి డబ్బాలో పెట్టాలి.

మూడో అడుగు: మొదటి 14 రోజుల పరుగు

నరిత, హనెదా, కన్సాయ్ వంటి పెద్ద విమానాశ్రయాల్లో దిగగానే ‘జైర్యూ కార్డు’ అనే నివాస కార్డు చేతికిస్తారు. అది ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, పోలీసు అడిగితే చూపించాలి. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా ఊరి మున్సిపల్ కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి. ముందు ఇదే చేయండి, ఎందుకంటే కార్డు వెనక చిరునామా ముద్ర పడితే తప్ప బ్యాంకు ఖాతా, ఫోను ముందుకు కదలవు. 12 అంకెల ‘మై నంబర్’ తర్వాత పోస్టులో వస్తుంది. పన్నుకు, బీమాకు అదే ఆధారం.

బ్యాంకు దగ్గర మన పేర్లతో గొడవ మొదలవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, ఇంటిపేరు, సొంత పేరు, కులం పేరు అన్నీ కలిపి ఒకే గడిలో ఉన్నా జపాన్ ఫారాల్లో తిప్పలు తప్పవు. గళ్లు మరీ తక్కువ. వీలైతే బయల్దేరే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. ఆపై పేరును కతకనా లిపిలో, అంటే జపాన్‌లో విదేశీ పేర్లు రాసే లిపిలో రాసుకోవాలి. ‘ల’ను ‘ర’గా రాయక తప్పదు, ‘వి’ ఒకచోట ‘వి’గా, మరోచోట ‘బి’గా మారుతుంది. విమల గారు ఒక ఫారంలో విమరా, ఇంకో ఫారంలో బిమరా అయితే కంప్యూటరుకు వాళ్లిద్దరూ వేరు మనుషులు, జీతం వెనక్కి వెళ్లిపోతుంది. ఒకే రూపం ఎంచుకుని కాగితం మీద రాయించుకుని, అన్నిచోట్లా అదే చూపించండి. మొదటి ఆరు నెలలు కొత్తవారికి ఖాతా ఇవ్వడానికి చాలా బ్యాంకులు వెనకాడతాయి. తపాలా బ్యాంకు యూచో కొంత నయం. కొన్నిచోట్ల పేరు చెక్కిన ముద్ర, అంటే ‘హాంకో’ అడుగుతారు. రెండు మూడు అక్షరాల్లో ఒకటి చేయించుకుంటే చాలు.

నాలుగో అడుగు: ఇల్లు, పొగ, చెత్త

అద్దె ఇంటికి డిపాజిట్‌తో పాటు ‘రేకిన్’ అని ఇంటి యజమానికి ఇచ్చే డబ్బు ఉంటుంది. అది తిరిగి రాదు. ఏజెంటు రుసుము, హామీ కంపెనీ రుసుము వేరు. అన్నీ కలిపితే నాలుగైదు నెలల అద్దెతో సమానం కావచ్చు. ప్రభుత్వ అండ ఉన్న యూఆర్ అనే గృహ సంస్థ ఇళ్లకు రేకిన్, హామీదారు, ఏజెంటు రుసుము ఏవీ ఉండవు. ఆదాయ నిబంధన మాత్రం ఉంటుంది. బడి వాళ్లు ఉపాధ్యాయ వసతి ఇస్తామంటే, గది పాతదైనా సరే, మొదటి ఏడాదికి ఒప్పేసుకోండి. ఖాళీ ఇల్లంటే అక్కడ నిజంగానే ఖాళీ. చాలా ఇళ్లలో దీపాలు, కర్టెన్లు, పొయ్యి కూడా ఉండవు. గ్యాసు తెరవడానికి కంపెనీ మనిషి వచ్చినప్పుడు మీరు ఇంట్లో ఉండాలి, కాబట్టి దిగే రోజుకే సమయం తీసుకోండి. లేకపోతే ఆ రాత్రి చన్నీళ్ల స్నానమే.

చలికాలం గురించి ఒక్క మాట. చల్లటి ప్రాంతమంటే బయట మంచు గురించి భయపడతాం, కానీ వణికించేది ఇంటి లోపలి చలి. హొక్కైదో వదిలేస్తే చాలా పాత ఇళ్లకు గోడలు పల్చన. ఒక్క గదినే వేడి చేసుకుని అక్కడే తిని, అక్కడే పడుకుంటారు.

వంట విషయంలో, పొగ లాగే ఫ్యాను వేయకుండా ఎండుమిర్చి తాలింపు వేయకండి. ఇళ్లలో అగ్ని హెచ్చరిక పరికరాలు చట్టప్రకారం తప్పనిసరి. అది మోగకపోయినా పక్కింటివారి దగ్గు గోడలోంచి వినిపిస్తుంది. దిగిన మొదటి వారంలోనే పక్క ఇళ్లకు, కింది ఇంటికి చిన్న టవలో, సబ్బో పట్టుకెళ్లి పరిచయం చేసుకోండి. ముఖం తెలిసిన మనిషి తాలింపును జనం సహిస్తారు.

ఇక చెత్త. ప్రతి ఊరికీ ఒక చెత్త క్యాలెండరు ఉంటుంది, మున్సిపల్ కార్యాలయంలో ఇస్తారు. కాలేది, కాలనిది, ప్లాస్టిక్, నీళ్ల సీసాలు, డబ్బాలు, కాగితం వేరువేరు రోజుల్లో, చాలాచోట్ల ఊరి పేరు అచ్చువేసిన సంచుల్లోనే, ఉదయం ఎనిమిది లోపు పెట్టాలి. ముందు రాత్రి పెడితే కాకులు చింపేస్తాయి. తప్పుగా వేరుచేస్తే సంచి మీద ఎర్ర కాగితం అంటించి అక్కడే వదిలేస్తారు. చిన్న ఊళ్లో అది ఎవరి సంచో అందరికీ తెలుసు. తొకుషిమా ప్రాంతంలోని కమికత్సు అనే ఊళ్లో చెత్తను 40కి పైగా రకాలుగా వేరుచేస్తారు. మీకు ఆ ఊరు పడకపోతే అదృష్టమే. వాడిన నూనె సింకులో పోయకండి. నూనెను ముద్దకట్టించే పొడి దుకాణాల్లో దొరుకుతుంది, గట్టిపడ్డాక కాలే చెత్తలో వేయవచ్చు.

ఐదో అడుగు: స్టాఫ్ రూమ్‌లో స్థిరపడటం

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

జపాన్ బడిలో టీచరు బల్ల తరగతిలో కాదు, ‘షొకుఇన్ షిత్సు’ అనే స్టాఫ్ రూమ్‌లో ఉంటుంది. తరగతుల వారీగా బల్లలు ఎదురెదురుగా కలిపి వేస్తారు. అన్నిటినీ చూసేలా ముందు వరసలో ఉప ప్రధానోపాధ్యాయుడు, అంటే ‘క్యోతో సెన్‌సే’ కూర్చుంటారు. ప్రధానోపాధ్యాయుడికి వేరే గది ఉంటుంది, సభల్లో ఆయనే మాట్లాడతారు. బడిని నడిపేది మాత్రం క్యోతో సెన్‌సే. సెలవు, ఆలస్యం, కారు నిలిపే చోటు, మధ్యాహ్న భోజనం అన్నీ ఆయన లేదా ఆమె బల్ల మీదుగానే వెళ్తాయి. మీరు మొదట సంపాదించుకోవలసిన మంచిమాట అక్కడిదే.

ఉదయం లోపలికి రాగానే గది మొత్తానికి వినిపించేలా ‘ఒహాయో గొజాయిమసు’, అంటే శుభోదయం అనండి. ఎవరూ తలెత్తకపోయినా అనండి. గొణిగితే పలకరించనట్టే లెక్క. ఉదయం సమావేశంలో జపనీస్‌లో గబగబా ప్రకటనలు సాగుతాయి, ఒక్క ముక్క అర్థం కాకపోవచ్చు. అయినా ఫోను చూడకండి, పుస్తకం తెరిచి ఏదో ఒకటి రాసుకోండి. అయ్యాక పక్క టీచరును ‘ఈ రోజు నా పీరియడ్లలో మార్పు ఉందా?’ అని అడగండి. మార్పు తరచుగా ఉంటుంది, మీకు చెప్పడం తరచుగా మరిచిపోతారు. దాన్ని అవమానంగా తీసుకోకండి. వాళ్ల పని ఒత్తిడి చూస్తే మీకే జాలేస్తుంది. రాత్రి ఏడెనిమిది దాకా ఉండే టీచర్లు కోకొల్లలు.

మరి మీరూ ఉండాలా? వద్దు. ఒప్పందంలోని సమయానికి లేచి ‘ఒసాకి ని షిత్సురే షిమసు’, అంటే మీకంటే ముందు వెళ్తున్నాను మన్నించండి అని చెప్పి బయటపడండి. చూపు కోసం ఖాళీగా కూర్చునే విదేశీయుడిని ఎవరూ మెచ్చుకోరు. ఆ సమయంలో వారానికి ఒకసారి టెన్నిస్ ఆడే పిల్లల దగ్గరికో, వాద్యబృందం దగ్గరికో వెళ్లి నిలబడండి. దాని ఫలితం తరగతిలో కనబడుతుంది.

స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఇంటికి ఫోను చేయకండి. అమ్మతో మాట్లాడేటప్పుడు మన గొంతు ఏ స్థాయిలో ఉంటుందో మనకు తెలియదు. తల ఊపే అలవాటు కూడా కాస్త అదుపులో పెట్టుకోవాలి. అటూ ఇటూ ఊపి మనం ‘సరే’ అంటే, వాళ్లకు అది ‘కాదు’ అన్నట్టు కనిపిస్తుంది. కాగితం ఇచ్చినా, పుచ్చుకున్నా రెండు చేతులతో. ఊరికి వెళ్లొస్తే చిన్న తీపి పొట్లాలు అందరి బల్లల మీదా పెట్టాలి. సెలవు పెట్టి వెళ్లొస్తే మరీ తప్పనిసరి, మీరు లేనప్పుడు పని మోసింది వాళ్లే కదా.

రోజూ పావుగంట సేపు బడి మొత్తం శుభ్రం చేసుకుంటుంది. పిల్లలు, టీచర్లు అంతా గుడ్డలు పట్టి నేల తుడుస్తారు, మరుగుదొడ్లు కడుగుతారు. ఇది చూసి ముచ్చటపడి ఫోటోలు తీసే విదేశీయులు చాలామంది. మీరు గుడ్డ అందుకోండి. మాటలు రాని మొదటి నెలల్లో పిల్లలతో కలిసిపోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

డిసెంబరులో ‘బొనెన్‌కాయ్’ అనే ఏడాది చివరి విందు, ఏప్రిల్‌లో స్వాగత విందు ఉంటాయి. మనిషికి నాలుగైదు వేల యెన్లు వేసుకుంటారు. మద్యం తాగనివారు ఊలాంగ్ టీ తీసుకోవచ్చు, ఎవరూ ఒత్తిడి పెట్టరు. అందరూ ‘కంపాయ్’ అనేదాకా గ్లాసు ముట్టకండి, ఎదుటివారి గ్లాసు ఖాళీ అయితే మీరు నింపండి. పగలంతా ముభావంగా ఉన్న లెక్కల టీచరు ఇంగ్లిష్‌లో మాట్లాడటం మొదలుపెట్టేది ఈ విందులోనే. మర్నాడు ఉదయం మళ్లీ ముభావంగానే ఉంటారు, కంగారుపడకండి.

ఒక విషయానికి ముందే సిద్ధపడండి. విద్యా సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఏప్రిల్ 1న కొత్తది మొదలవుతుంది. ఆ సమయంలో టీచర్లకు బదిలీలు. మిమ్మల్ని ఏడాదంతా కనిపెట్టుకుని ఉన్న ఇంగ్లిష్ టీచరు మార్చి చివర్లో ఒక్కసారిగా వేరే బడికి వెళ్లిపోవచ్చు. అందుకే స్నేహాన్ని ఒక్కరి దగ్గరే ఉంచుకోకండి. గుమస్తాతో, నర్సు టీచరుతో, వంటగదివారితో కూడా మాట కలపండి.

ఆరో అడుగు: తరగతి

చట్టప్రకారం పాఠానికి బాధ్యత లైసెన్సు ఉన్న జపాన్ టీచరుది. మీరు తోడు. మాధ్యమిక బడిలో ఇంగ్లిష్ టీచరు, ప్రాథమిక బడిలో ఆ తరగతి టీచరు మీతో ఉంటారు. 2020 నుంచి ప్రాథమిక బడిలో 5, 6 తరగతులకు ఇంగ్లిష్ మార్కులిచ్చే సబ్జెక్టు అయింది. 3, 4 తరగతులకు మార్కులు లేని కార్యక్రమంగా ఉంటుంది. దాంతో ఇంగ్లిష్ చెప్పడానికి శిక్షణ పొందని ప్రాథమిక టీచర్లు చాలామంది మీ మీద ఆధారపడతారు. కొందరు పాఠమంతా మీకే వదిలేస్తారు, కొందరు మిమ్మల్ని టేపు రికార్డరులా వాడుకుంటారు. మొదటి నెల ఏదైనా ఒప్పుకోండి. రెండో నెలలో ‘మొదటి 10 నిమిషాలు నాకివ్వండి, ఒక ఆట తయారుచేశాను’ అని అడగండి. 10 నిమిషాలు అడిగితే ఇస్తారు.

మొదటి పాఠం ఎప్పుడూ స్వపరిచయమే. ప్రతి తరగతిలో అదే చెప్పాలి కాబట్టి మీకు విసుగు పుట్టనిది తయారుచేసుకోండి. ఇంటి, వీధి, బడి ఫోటోలు పెద్దవిగా అచ్చువేయించి తీసుకెళ్లండి. తెలుగు వాచకం ఒకటి, రూపాయి నాణేలు కొన్ని పట్టుకెళ్లండి. పిల్లల పేర్లను తెలుగు అక్షరాల్లో రాసిస్తే ఏడాదంతా పెన్సిలు డబ్బాలో దాచుకుంటారు. రోజూ కూర, నాన్ తింటారా అని తప్పకుండా అడుగుతారు. మా ఇంట్లో అన్నమే, అదీ చేత్తో, అని చెప్పగానే తరగతి మేలుకుంటుంది. 2022లో అక్కడ విడుదలై విపరీతంగా ఆడిన ఒక తెలుగు సినిమా పుణ్యమా అని, టీచర్లలో ఎవరో ఒకరు స్టెప్పు వేసి చూపించమంటారు. అంతకంటే పెద్ద గండం ఎక్కాలు. భారతీయులందరికీ 19 ఎక్కం వచ్చని జపాన్‌లో గట్టి నమ్మకం. 19 పంతొమ్ములు 361 అని తడుముకోకుండా చెప్పేలా విమానంలోనే వల్లెవేసుకోండి. దేశం పరువు సంగతి.

మన తరగతుల్లో ప్రశ్న అడగ్గానే పది చేతులు లేస్తాయి. అక్కడ నిశ్శబ్దం. తెలియక కాదు, అందరి ముందు తప్పు చెప్పడం ఇష్టం లేక. ఒకరిని వేలెత్తి చూపి లేపకండి. ముందు ఇద్దరిద్దరూ మాట్లాడుకోవడానికి ఒక నిమిషం ఇచ్చి, తర్వాత అడగండి. ఎవరు చెప్పాలో ‘జంకెన్’తో, అంటే రాయి-కత్తెర-కాగితం ఆటతో తేల్చండి. అది జపాన్ పిల్లలకు కోర్టు తీర్పు లాంటిది, ఓడినవారు మారు మాట్లాడరు.

దిద్దేటప్పుడు జాగ్రత్త. అక్కడ ఒప్పుకు సున్నా చుట్టాలి, టిక్కు పెడితే తప్పని అర్థం. అలవాటు కొద్దీ మీరు పేజీ నిండా టిక్కులు పెడితే పిల్ల ఏడుపు ముఖం పెడుతుంది. బాగా రాస్తే సున్నా చుట్టూ పువ్వు రేకులు గీయండి. పిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాయకండి, అశుభమనుకుంటారు. పాఠ్యపుస్తకాల్లో అమెరికా స్పెల్లింగు ఉంటుంది. మనకు అలవాటైన బ్రిటిష్ స్పెల్లింగును బోర్డు మీద రాస్తే పరీక్షలో మార్కులు పోయేది పిల్లలకు. చివరి అక్షరాన్ని ‘జెడ్’ కాకుండా ‘జీ’ అనడం కూడా ఇందులోకే వస్తుంది. మీ యాసకు మాత్రం క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు. నిదానంగా, స్పష్టంగా, ప్రతిసారీ ఒకేలా పలికితే చాలు.

ప్రాథమిక బడిలో పొద్దుటి పెద్ద విరామంలో ఆటస్థలానికి వెళ్లి బంతాట ఆడండి. ఆ 20 నిమిషాల్లో వాళ్లు మాట్లాడే ఇంగ్లిష్ పాఠంలో మాట్లాడరు.

ఏడో అడుగు: మధ్యాహ్న భోజనం ముందే తేల్చుకోండి

ప్రాథమిక బడుల్లో, చాలా మాధ్యమిక బడుల్లో ‘క్యూషోకు’ అనే భోజనం ఉంటుంది. తెల్ల కోట్లు వేసుకుని పిల్లలే వడ్డిస్తారు. మీరు ఏదో ఒక తరగతిలో వాళ్లతో కూర్చుని తినాలి, నెలకు మీ డబ్బు మీరు కట్టాలి. నెల మొదట్లో వంటకాల పట్టిక ఇస్తారు. శాకాహారికి అందులో దిక్కు ఉండదు. కూరగాయల పులుసు అని కనిపించినదాంట్లో కూడా చేప రసం ఉంటుంది. పంది మాంసం, గొడ్డు మాంసం తరచుగా వస్తాయి. ఒకరోజు తింటాను, ఒకరోజు వద్దు అంటే వంటగది లెక్క తప్పుతుంది. పట్టింపు ఉన్నవారు మొదటి రోజే పూర్తిగా వద్దని చెప్పి, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటామనండి. మతం, ఆరోగ్యం అని ఒక్క మాట చెబితే చాలు, వాదన ఉండదు. వేడిచేసే వీలు ఉండకపోవచ్చు కాబట్టి పులిహోర, పెరుగన్నం, చపాతీ కూర నయం. పులిహోర మరీ నయం, జిగురుగా ఉండే జపాన్ బియ్యంతో ముద్దవుతుంది గానీ రుచి చెడదు. మాంసాహారులైతే హాయిగా తినండి. గిన్నెలో మిగల్చకండి, పిల్లలు చూస్తుంటారు.

కందిపప్పు, చింతపండు, సోనా మసూరి తోక్యోలోని నిషి-కసాయ్, షిన్-ఒకుబో దుకాణాల్లో దొరుకుతాయి. నిషి-కసాయ్‌లో భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి, తెలుగు చెవిన పడుతుంది. దూరపు ఊళ్లో ఉంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, పెట్టె ఇంటికి వచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతీ ఉంది. చక్కెర లేని పెరుగు ఏ దుకాణంలోనైనా ఉంటుంది, పులుపు తక్కువ.

ఎనిమిదో అడుగు: డబ్బు, ఆరోగ్యం, బండి

ఉద్యోగుల బీమా ఉంటే ఆస్పత్రిలో మీరు కట్టేది ఖర్చులో 30 శాతం. అసలు దెబ్బ రెండో ఏడాది జూన్‌లో తగులుతుంది. నివాస పన్ను ముందటి ఏడాది ఆదాయం మీద, సుమారు 10 శాతం, జూన్ నుంచి వసూలవుతుంది. మొదటి ఏడాది జపాన్‌లో పాత ఆదాయం లేదు కాబట్టి పన్ను ఉండదు. ఆ నెలల జీతాన్ని అసలు జీతమనుకుని ఇంటికి పంపే మొత్తం నిర్ణయిస్తే తర్వాత తగ్గించుకోవలసి వస్తుంది. మొదటి నెల నుంచే కొంత పక్కన పెట్టండి.

కార్మిక చట్టం ప్రకారం ఆరు నెలలు పనిచేశాక కనీసం 10 రోజుల జీతంతో కూడిన సెలవు వస్తుంది. జలుబు చేసినా చాలామంది టీచర్లు ఇందులోంచే వాడతారు. పండగకు ఇంటికి రావాలనుకుంటే సంక్రాంతి కంటే ఆగస్టు మేలు. జనవరి రెండో వారానికి బడి నడుస్తుంటుంది.

కారు మన వైపే, ఎడమ పక్కనే నడుస్తుంది. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇక్కడ తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్‌తో ఏడాది దాకా నడపవచ్చు. ఆ తర్వాత లైసెన్సు మార్పిడికి రాతపరీక్ష, నడిపే పరీక్ష ఉంటాయి. 2025 అక్టోబరు నుంచి రాతపరీక్ష 10 ప్రశ్నల నుంచి 50 ప్రశ్నలకు పెరిగింది, 90 శాతం రావాలి. కాబట్టి ఏడాది నిండేదాకా ఆగకండి. సైకిలు కొంటే దుకాణంలోనే దొంగతన నిరోధక నమోదు చేయించండి.

అత్యవసర నంబర్లు: పోలీసుకు 110, అంబులెన్సుకు, అగ్నిమాపక దళానికి 119. భూకంప విన్యాసంలో పిల్లలు బల్లల కింద దూరితే మీరూ దూరండి. మీ ఊరి ముప్పు పటం మున్సిపల్ కార్యాలయంలో తీసుకుని, ప్రమాదం వస్తే ఇంటి నుంచి ఆశ్రయానికి ఏ బడికి పరిగెత్తాలో ఒకసారి నడిచి చూసుకోండి.

తొమ్మిదో అడుగు: జపనీస్‌ను తెలుగులోంచి నేర్చుకోండి

మనవాళ్లు జపనీస్‌ను ఇంగ్లిష్ పుస్తకాల్లోంచి నేర్చుకుని లేని కష్టం తెచ్చుకుంటారు. క్రియ చివర వస్తుంది, విభక్తి మాట వెనక వస్తుంది, ‘బడికి వెళ్తాను’ అంటే ‘గక్కో ని ఇకిమసు’, మాట వెంట మాట సరిపోతుంది. దీర్ఘాలు, ఒత్తులు ఇంగ్లిష్‌వాళ్లకు నెలల తరబడి పట్టుబడవు, మనకు ఒత్తు పలకడం ఒకటో తరగతి విద్య. పెద్దవాళ్లతో ఒక రకంగా, చిన్నవాళ్లతో ఒక రకంగా మాట్లాడటమూ కొత్త కాదు. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని, మాటలు మార్చండి. కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాలు మాత్రం బండచాకిరీయే, దానికి అడ్డదారి లేదు. చాలాచోట్ల ఆగస్టులో పిల్లలు లేని బడిలో మీరు బల్ల దగ్గర కూర్చుని ఉండక తప్పదు. ఆ ఖాళీ అంతా దానికే పెట్టండి.

చివరి అడుగు: వదిలి వచ్చేటప్పుడు

కొనసాగుతారా లేదా అని చలికాలంలోనే అడుగుతారు. వెళ్లిపోవాలనుకుంటే అప్పుడే చెప్పండి. వచ్చేవారి కోసం ఒక ఫైలు తయారుచేసి పెట్టండి: ఏ తరగతిలో ఏ ఆట ఆడించారు, ఏ టీచరుకు ఏ పద్ధతి ఇష్టం, ఏ పిల్లవాడిని ముందుగా పలకరించాలి. మున్సిపల్ కార్యాలయంలో చిరునామా రద్దు చేయించి, మిగిలిన నివాస పన్ను ఒకేసారి కట్టేయండి. పెద్ద సామాను పారేయడానికి కూడా డబ్బు కట్టి ముందుగా తేదీ తీసుకోవాలి, నెల ముందే మొదలుపెట్టండి.

కనీసం ఆరు నెలలు పింఛను కట్టి ఉంటే, దేశం వదిలిన రెండేళ్లలోగా దరఖాస్తు చేసుకుని ఏకమొత్తం తీసుకోవచ్చు. ఉద్యోగుల పింఛను మీద అందులో 20.42 శాతం పన్నుగా పట్టుకుంటారు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి జపాన్‌లో ఉండే ఒకరిని మీ పన్ను ప్రతినిధిగా నియమించి, ఆ కాగితాన్ని వెళ్లేముందే పన్ను కార్యాలయంలో ఇవ్వాలి. ఇంకో దారి కూడా ఉంది. భారత్, జపాన్‌ల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది, రెండు దేశాల సేవాకాలాన్ని కలుపుకోవచ్చు. ఏకమొత్తం తీసుకుంటే ఆ కాలం లెక్కలోంచి పోతుంది. మళ్లీ జపాన్ వెళ్లే ఆలోచన ఉన్నవారు, ఇక్కడ భవిష్య నిధి ఖాతా నడుస్తున్నవారు రెండూ లెక్కవేసుకున్నాకే ఫారం నింపండి.